తొంభై యోజనాలు

కిష్కింధాకాండ చివర్లో వానరులు సముద్రం ఒడ్డున కూర్చుని ఎవరెంత దూరం దూకగలరో చెప్పుకునే ఘట్టం ఒకటుంది. గజుడు పది యోజనాలన్నాడు. గవాక్షుడు ఇరవై అన్నాడు. అలా పదేసి చొప్పున పెరుగుతూ పోయి మైందుడు అరవై, ద్వివిదుడు డెబ్బై, సుషేణుడు ఎనభై దగ్గర ఆగారు. జాంబవంతుడి వంతు వచ్చింది. వయసులో ఉన్నప్పుడైతే త్రివిక్రముడి చుట్టూ ప్రదక్షిణం చేసినవాణ్ణే గానీ ఇప్పుడు తొంభైకి మించి నావల్ల కాదన్నాడాయన. అవతలి ఒడ్డు నూరు యోజనాలు. యువరాజు అంగదుడు నూరూ దూకుతానన్నాడు, తిరిగి రాగలనో లేదో మాత్రం చెప్పలేనన్నాడు.

సెల్ఫ్ అప్రైజల్ అనేది మన పాత పుస్తకాల్లో ఎక్కడైనా ఉందంటే ఇక్కడే ఉంది. బ్యాంకు ఉద్యోగంలో ఏటా నా కింద పనిచేసేవాళ్ళు తమ గురించి తాము రాసుకున్న ఫారాలు చదవడం నా పనుల్లో ఒకటిగా ఉండేది. వాటిలో గజుడు ఎప్పుడూ కనిపించలేదు. అందరూ నూరు యోజనాలవాళ్ళే, తిరిగి రావడం గురించి అనుమానమున్నవాడు ఒక్కడూ లేడు. రామాయణంలో వానరులకి అబద్ధమాడే తీరిక లేదు. సుగ్రీవుడిచ్చిన గడువు దాటిపోయింది, ఉత్తచేతులతో వెనక్కి పోతే ప్రాణాలు దక్కవని నిరాహారంగా పడి చావడానికి సిద్ధమైనవాళ్ళు. అలాంటి చోట పదిని ఇరవై అని చెప్పుకుంటే ఏం ఒరుగుతుంది? పది యోజనాలన్న గజుణ్ణి చూసి ఎవరో నవ్వారని కూడా వాల్మీకి రాయలేదు.

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలకి ఆత్మవిశ్వాసం ఎలా వస్తుందని ఎవరైనా అడిగితే నేను హనుమంతుడి దగ్గర మొదలుపెట్టను. గజుడి దగ్గర మొదలుపెడతాను. తన కొలత తాను, పెంచకుండా తగ్గించకుండా, నలుగురిలో చెప్పగలగడం. నా ఉద్దేశంలో అంతకు మించిన ఆత్మవిశ్వాసం లేదు. అదెక్కడ పుడుతుందన్నదే ప్రశ్న.

నేను ఎనభైల మధ్యలో బీఎస్‌ఆర్‌బీ పరీక్ష రాసి గుమాస్తాగా చేరి, చీఫ్ మేనేజరుగా రిటైరయ్యాను. ఆఖరి ఏళ్ళలో శిక్షణ కేంద్రంలో కొత్తవాళ్ళకి పాఠాలు చెప్పాను. ఇప్పటికీ పిలిస్తే వెళుతుంటాను. మేం చేరిన రోజుల్లో బీకాంలు, బీఏలు ఎక్కువ. 2011లో ఐబీపీఎస్ ఉమ్మడి పరీక్ష మొదలయ్యాక వచ్చినవాళ్ళలో బీటెక్‌లు ఎక్కువ. మెకానికల్ చదివినవాడు, సివిల్ చదివినవాడు, ఈసీఈ చదివిన అమ్మాయి, అందరూ నంద్యాలలోనో హైదరాబాదులోనో కోచింగ్ తీసుకుని వస్తారు. లెక్కల్లో వాళ్ళ వేగం చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. అటువంటి పిల్లవాడు కౌంటర్లో కూర్చున్న మొదటి రోజున ఒక రైతు పాసుపుస్తకం ముందు పెట్టి, ‘బాబూ, మొన్న కట్టిన వడ్డీ ఇందులో ఎక్కిందా?’ అనగానే గొంతు తడారిపోతుంది. శిక్షణలో టీ విరామానికి నా దగ్గరికొచ్చి, ‘మేడమ్, కాన్ఫిడెన్స్ రావట్లేదు’ అంటారు. ఏదో ఊళ్ళో దిగాల్సిన బస్సు ఇంకా రాలేదన్నట్టు ఉంటుంది ఆ మాట.

శిక్షణలో ఒక పూట వ్యక్తిత్వ వికాసానికి కేటాయిస్తారు. బయటినుంచి ఎవరో వక్త వస్తారు. గోడమీద వివేకానందుడి పటం, వక్త చేతిలో భగవద్గీత. ఆరో అధ్యాయంలో ఉన్న సంగతే ప్రతి వక్తా చెబుతాడు: ఎవరిని వారే పైకెత్తుకోవాలి, ఎవరికి వారే బంధువు, ఎవరికి వారే శత్రువు. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. వెనక బెంచీలో కూర్చుని విన్నప్పుడల్లా నాకు ఒకటే అనిపించేది: అసలే భయపడుతున్న పిల్ల నెత్తిన ఇంకొక బాకీ వేస్తున్నారు. నీకు భయమేస్తోందా, అయితే తప్పు నీదే, నువ్వే నీ శత్రువువి! గీత నిజంగా ఇంత కటువుగా చెప్పిందా?

చెప్పినవాడు ఎక్కడ కూర్చుని చెప్పాడో చూడాలి. వేదిక మీద చెప్పి, శాలువా కప్పించుకుని కారెక్కిపోలేదాయన. వణుకుతున్నవాడి రథానికే సారథిగా కూర్చుని చెప్పాడు, పద్దెనిమిది రోజులూ ఆ రథం తోలింది ఆయనే. యుద్ధమంతా ముగిశాక కూడా అర్జునుణ్ణి ముందు దిగమని, తర్వాతే తాను దిగాడు. ఆయన దిగిన వెంటనే రథం కాలి బూడిదైందంటుంది శల్యపర్వం. నిన్ను నువ్వే ఎత్తుకో అన్న మాటకి ఇలా పక్కన కూర్చున్నవాడి నోట ఒక అర్థం, వచ్చి వెళ్ళిపోయేవాడి నోట మరొక అర్థం.

నేను గుంటూరు జిల్లాలో ఒక వ్యవసాయపు ఊరి బ్రాంచికి మేనేజరుగా ఉన్నప్పుడు సోంపేట వైపునుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరెందుకు గానీ, ఈసీఈలో మంచి మార్కులు. వాళ్ళింట్లో మొదటి జీతం ఆ పిల్లదే. క్యాష్‌లో కూర్చోబెడితే ఒక్కో కట్ట రెండుసార్లు మిషన్‌లో వేసి, మళ్ళీ చేత్తో లెక్కపెట్టేది. నెల మొదట్లో పింఛన్‌దార్ల వరస గుమ్మం దాటేది. వరసలోంచి ఎవరో ఒకరు ‘ఈ పాప లెక్కపెట్టేలోపు మేం పోయేట్టున్నాం’ అనేవారు. ముసలివాళ్ళ పరిహాసం అది, కానీ ఆ పిల్లకి చేతులు చెమటలు పట్టేవి. చెమట చేతులకి నోట్లు అంటుకుంటాయి. అంటుకుంటే లెక్క తప్పుతుంది. లెక్క తప్పిందేమోనని మళ్ళీ లెక్కపెట్టాలి.

ఆ అమ్మాయికి నేను ధైర్యవచనాలేమీ చెప్పలేదు. మా హెడ్ క్యాషియర్ రిటైర్‌మెంటుకు దగ్గర పడ్డ మనిషి, మాట తక్కువ. ఆయన తన కుర్చీ తెచ్చి ఆ పిల్ల పక్కన వేసుకున్నాడు. మొదట బళ్ళో ఫీజులు, కరెంటు ఆఫీసు డబ్బు, ఇలా కట్టించుకునేవి మాత్రమే ఇచ్చాడు. చెల్లింపులు తనే చూసుకున్నాడు. డబ్బు చేతిలోకి తీసుకునే ముందు ఎంత కడుతున్నారో వాళ్ళ నోటితోనే చెప్పించమన్నాడు. ఐదువందలవి ఎన్ని, వందలవి ఎన్ని అని ఓచరు వెనక రాయకుండా డ్రాయరు తెరవొద్దన్నాడు. ఒకరి డబ్బు చేతిలో ఉండగా ఇంకొకరి మాట చెవిన పెట్టొద్దన్నాడు. ఎవరైనా తొందరపెడితే ఏమనాలో కూడా నేర్పాడు: ‘వీరిది లెక్కపెడుతున్నానండీ, తర్వాత మీదే.’ అంతే. ఇందులో వేదాంతం ఎక్కడా లేదు. నూరు నోట్లు ఒక ప్యాకెట్టు, పది ప్యాకెట్లు ఒక బండిల్, సాయంత్రానికి కంప్యూటరు చూపే అంకె, చేతిలో ఉన్న డబ్బు ఒకటి కావాలి. కాకపోతే ఎవరూ ఇంటికి పోరు.

కొన్ని నెలలు గడిచాక ఒకటో తారీఖున హెడ్ క్యాషియర్ సెలవు పెట్టాడు. కావాలనే పెట్టాడని నా అనుమానం, అడిగితే పళ్ళు నొప్పి అన్నాడు. ఆ రోజు ఆ పిల్ల ఒక్కతే వరసంతా చూసింది, సాయంత్రం క్యాష్ మొదటి లెక్కకే టాలీ అయింది. ‘భయమెయ్యలేదా?’ అనడిగాను. ‘చూసుకోలేదు మేడమ్, జనం ఎక్కువున్నారు’ అంది.

ఆ మాట నాకు చాలా రోజులు తల్లో తిరిగింది. భయం ఉందో లేదో చూసుకోవడానికి తీరిక దొరకలేదట. మొదట్లో ఆ పిల్ల బుర్రలో ఉన్నది డబ్బూ కాదు, ముసలాయనా కాదు. తను ఎలా కనిపిస్తున్నానన్న ఆరాటం. ఆ ఆరాటం ఉన్నంతకాలం ఎంత తెలివైనవాళ్ళకైనా చేతులు చెమట పడతాయి. ఫలం మీద కన్ను వేయొద్దన్న గీతాబోధని మనం జీతం, ప్రమోషన్ల లెక్కలో అర్థం చేసుకుంటాం గానీ, పాతికేళ్ళలోపు పిల్లలకి అన్నిటికంటే పెద్ద ఫలం ఎదుటివాడి కళ్ళలో తమ బొమ్మ. అది వదులు అని చెప్పినంత మాత్రాన వదలదు. కళ్ళకి వేరే పని ఇవ్వాలి. మా హెడ్ క్యాషియర్ ఓచరు వెనక రాయమన్న అంకెలు చేసిన పని అదే.

బ్యాంకులో మేకర్, చెకర్ అని ఒక పద్ధతుంది. ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు చూసి ఆమోదించాలి. స్ట్రాంగ్ రూముకి రెండు తాళాలు, ఇద్దరి దగ్గర. ఏ ఒక్కరినీ పూర్తిగా నమ్మకపోవడం మీద కట్టిన ఏర్పాటని కొత్తవాళ్ళు నొచ్చుకుంటారు. నాకు మాత్రం అది గజుణ్ణి కూడా పనిలోకి తీసుకునే ఏర్పాటులా కనిపిస్తుంది. పది యోజనాలవాడు పదే దూకు, పదకొండోది చూసుకోవడానికి ఇంకొకరున్నారు అని చెప్పే ఏర్పాటు. ‘నాకిది తెలీదు సార్, చూపించండి’ అని చెకర్‌ని అడిగే పిల్లవాడు ఏడాది తిరిగేసరికి ఎక్కడికో పోతాడు. తెలియనిది తెలిసినట్టు ఎంటర్ నొక్కేవాడి గురించే నా దిగులు.

ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వవేత్త 1977లో ఈ విషయం మీద రాసిన వ్యాసం శిక్షణ పాఠాల్లో తరచూ వస్తుంది. ఒక పని నేను చేయగలనన్న నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందంటాడాయన: తానే చేసి నెగ్గడం, తనలాంటివాళ్ళు చేయగా చూడడం, ఇతరులు చెప్పిన మాటలు, ఒంటి స్థితి అంటే గుండెదడ, చెమటల వంటివి. వీటిలో మొదటిదే బలమైనది, ఉత్తి మాటలవల్ల వచ్చిన నమ్మకం అనుభవం ఎదురు తిరగగానే కూలిపోతుంది. అది చదివినప్పుడు నాకు జాంబవంతుడితో చిక్కొచ్చింది. హనుమంతుణ్ణి లేపడానికి ఆయన చేసింది మాట్లాడ్డమే కదా? సర్గ తీసి మళ్ళీ చదివితే తెలిసింది. ‘నువ్వు గొప్పవాడివి, నిన్ను నువ్వు నమ్ముకో’ అనే ధోరణిలో ఆయన నడవలేదు. హనుమంతుడు చేసినవి చెప్పాడు. పసితనంలో సూర్యుణ్ణి పండనుకుని మూడువందల యోజనాలు ఎగిరావు అన్నాడు. పడిపోయిన సంగతీ దాచలేదు. ఇంద్రుడు వజ్రంతో కొట్టాడు, కొండమీద పడి ఎడమ దవడ విరిగింది, ఆ పేరే నీకు నిలిచింది అన్నాడు. నెగ్గిందీ పడిందీ రెండూ కలిపి చెప్పిన సర్వీస్ రికార్డు అది. ఇంతమంది కోతుల్లో ఒక మూల ఊరికే కూర్చున్నవాడి రికార్డు గుర్తు పెట్టుకున్న పై అధికారి ఆయన. అలాంటివాళ్ళు ఏ సంస్థలోనైనా వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే ఉంటారు.

హనుమంతుడి కథలో చిన్నవాళ్ళకి పేచీ ఒకటుంది. ఆయన దగ్గర బలం ముందే ఉంది, మరిచిపోయాడంతే. మా దగ్గర అసలు లేకపోతేనో? ఈ పేచీ న్యాయమైనదే. అందుకని వాళ్ళకి నేను ఉత్తరకుమారుడి కథ చెబుతాను.

మాది పల్నాడు. వానలు పడకపోతే విరాటపర్వం చదివించడం మా వైపు ఆనవాయితీ. మా తాతగారు రామాలయం అరుగుమీద తిక్కన పద్యాలు రాగం తీసి చదువుతుంటే ఆకాశం వంక చూస్తూ విన్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని. వాన సంగతి పడితే పడింది, లేకపోతే లేదు. ఉత్తరకుమారుడు మాత్రం మనసులో నిలిచిపోయాడు. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో రేలంగి వేసిన వేషం వల్ల మనకి ఆయన అంటే నవ్వే. ప్రగల్భాలంటే ఆయనవే. అంతఃపురంలో ఆడవాళ్ళ మధ్య, సారథి లేడు గానీ ఉంటే కౌరవుల్ని ఊచకోత కోసేద్దును అంటాడు. సారథిని చూపించారు. తీరా ఆ సేన చూడగానే రథంలోంచి దూకి పారిపోయాడు. బృహన్నల వెంటపడి, జడ ఎగురుతుండగా పరుగెత్తి పట్టుకున్నాడు. వదిలేస్తే బంగారం ఇస్తానన్నాడు ఉత్తరుడు. ఇక్కడిదాకా చూసి నవ్వుకుని లేచిపోతాం. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

అర్జునుడు ఆ కుర్రవాణ్ణి తిట్టి ఇంటికి పంపలేదు, పౌరుషం రెచ్చగొట్టి మళ్ళీ విల్లు చేతికివ్వనూ లేదు. నువ్వు పగ్గాలు పట్టు, పోరాటం నేను చూసుకుంటానన్నాడు. నూరు యోజనాల పని తీసేసి, ఆ పిల్లవాడు చేయగలిగిన పని చేతిలో పెట్టాడు. పోరుకి ముందు జమ్మిచెట్టు ఎక్కి ఆయుధాలు దించమన్నాడు. అదీ భయమే ఉత్తరుడికి, చెట్టుమీద శవం కట్టి ఉందని. ఎక్కాడు, దించాడు. నువ్వు అర్జునుడివేనని నమ్మకమేమిటని అడిగాడు. దానికి కోపగించకుండా తన పది పేర్లూ, ఒక్కో పేరు ఎందుకొచ్చిందో చెప్పుకొచ్చాడు అర్జునుడు. యుద్ధంలో శంఖం మోగగానే ఉత్తరుడు మళ్ళీ చతికిలపడితే మళ్ళీ లేపాడు. ఒక్కసారి చెప్పాను కదా అనలేదు. ఏ ఆఫీసులోనైనా కొత్తవాడు రెండోసారి అదే సందేహం అడిగితే పెద్దవాళ్ళ ముఖం ఎలా మారుతుందో చూసినవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

అన్నిటికంటే నాకు ముఖ్యమైంది చివర్లో ఉంది. తిరిగొచ్చేటప్పుడు, గెలుపు నీదేనని చెప్పుకో, నా సంగతి బయటపెట్టొద్దన్నాడు అర్జునుడు. ఊరంతా తోరణాలు కట్టి ఎదురుచూస్తోంది. తండ్రి పొంగిపోతూ, ఎలా గెలిచావు నాయనా అనడిగాడు. పొద్దున అంతఃపురంలో అన్ని కోతలు కోసినవాడు సాయంత్రం నిండు సభలో, గెలిచింది నేను కాదు, ఒక దేవకుమారుడు వచ్చి గెలిపించాడు, నేను భయపడి పారిపోతుంటే ఆయనే ఆపాడు అన్నాడు. కోరకుండా చేతికొచ్చిన కీర్తి అది, కాదన్నాడు. ఒక్క పూటలో ఆ కుర్రవాడిలో ఏదో మారిందనడానికి నాకు కనిపించే సాక్ష్యం రథం తోలడం కంటే ఇదే. గజుడి వరసలో వచ్చి నిలబడ్డాడు.

ఇక రెండో రకం సారథి సంగతి. మన భాషలో శల్యసారథ్యం అన్న మాట ఊరికే పుట్టలేదు. కర్ణుడి రథం తోలడానికి ఒప్పుకుంటూనే, నా నోటికి వచ్చింది నేనంటాను, అడ్డు చెప్పకూడదని షరతు పెట్టాడు శల్యుడు. అంతకుముందే కర్ణుడి తేజస్సు తగ్గించమని ధర్మరాజు ఆయన దగ్గర మాట తీసుకున్నాడు, ధర్మరాజంతటివాడు! శల్యుడు అబద్ధాలేమీ చెప్పలేదన్నది గమనించాలి. అర్జునుడి గొప్పతనం గురించి ఆయన చెప్పినవన్నీ నిజాలే. బాణం సంధిస్తున్న వేళ చెప్పాడు, అదీ ఆయన నేర్పు. దానికి కర్ణుడు ఏం చేశాడు? ఇంకా పెద్ద గొంతుతో ప్రగల్భాలు పలికాడు.

టార్గెట్ల మీటింగుల్లో నేను అచ్చంగా ఇదే చూశాను. ఒక పై అధికారి నలభైమంది ముందు ఒక కుర్ర ఆఫీసర్ని నిలబెట్టి, పక్క బ్రాంచి అంకెలు చదివి వినిపించేవాడు. చదివిన అంకెలన్నీ నిజమే. ‘ఎంత తెస్తావు?’ అని ఉరిమేసరికి ఆ పిల్లవాడు తన బ్రాంచిలో ఎన్నడూ లేని అంకె ఒకటి నోటికొచ్చినట్టు చెప్పి కూర్చునేవాడు. మిగతావాళ్ళు అంతకు రెండింతలు చెప్పేవారు. గజుడు నోరు విప్పితే బతకలేని సభ అది. అక్కడ తయారయ్యేది ఉత్తరకుమారులే, అదీ పొద్దుటి ఉత్తరకుమారులు. తర్వాత ‘మేడమ్, స్టాఫ్‌లో కాన్ఫిడెన్స్ లేదు’ అని ఆ పై అధికారే నాకు చెప్పేవాడు.

జాంబవంతుడు అందరికీ సమానంగా దొరకడు. తండ్రి బ్యాంకులోనో సచివాలయంలోనో పనిచేసిన పిల్లలకి ఫైలంటే ఏమిటో, పెద్ద ఆఫీసరుకి ఎదురుచెప్పాలంటే ఏ స్వరంలో చెప్పాలో అన్నం తింటుండగానే తెలిసిపోతుంది. ఏదైనా తెలియకపోతే నాకింకా నేర్పలేదనుకుంటారు. ఇంట్లో తొలిసారి డిగ్రీ చదివిన పిల్ల అదే చోట నేను పనికిరాననుకుంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చి హిందీ రాష్ట్రంలో పోస్టింగ్ పడ్డవాడి సంగతి చెప్పనక్కర్లేదు. కుమారాస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుడు విల్లు పట్టుకుని నిలబడితే కృపాచార్యుడు అడిగింది వంశం పేరు. ఆ తలదించుకోవడం జీవితమంతా అతని వెంట వచ్చింది. చివరికి సారథి కూడా అదే ఎత్తిపొడిచాడు. ఇలాంటి లెక్క ఉన్నచోట అందర్నీ ఒకే హాల్లో కూర్చోబెట్టి మిమ్మల్ని మీరు నమ్ముకోండి అనడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. కొందరికి ఆ నమ్మకం ఇంటినుంచి క్యారేజీలో వచ్చింది.

అయితే అంతా పక్కవాడి చేతిలోనే ఉందా? అలాగైతే మనిషికి మిగిలిందేమిటి? శ్రీవైష్ణవుల్లో ఇది పాత తగువే. కోతిపిల్ల తల్లిని తనే కరుచుకుంటుంది, పిల్లికూనని తల్లే నోట కరుచుకుని పోతుంది. దేవుడి దగ్గర జీవుడు ఎవరిలా ఉండాలి? వేదాంతదేశికుల వైపువారు మర్కట న్యాయమన్నారు, పిళ్ళైలోకాచార్యుల వైపువారు మార్జాల న్యాయమన్నారు. పెద్దలకే తేలనిది నేను తేల్చబోను. సుందరకాండలో నాకు కనిపించినదొకటి చెబుతాను.

లంకలో దిగాక హనుమంతుడు రాత్రంతా వెతికాడు. రావణుడి మందిరాలు, పానశాల, పుష్పకం, నిద్రపోతున్న స్త్రీలు, అన్నీ చూశాడు. సీత లేదు. పన్నెండు, పదమూడు సర్గల్లో ఆయన పడే వేదన చదివితే ఈయనేనా సముద్రం దాటింది అనిపిస్తుంది. వట్టి చేతులతో వెళితే రాముడుండడు, లక్ష్మణుడుండడు, సుగ్రీవుడుండడు అనుకుంటూ పోతాడు. వానప్రస్థుణ్ణయి ఇక్కడే ఉండిపోతాను, చితిలో పడతాను, నీళ్ళలో దూకుతాను అంటాడు. జాంబవంతుడు అవతలి ఒడ్డున ఉన్నాడు. చెప్పేవాడెవడూ లేడు. దిగులుపడకుండా ఉండడమే అన్నిటికీ మూలమని తనకు తాను చెప్పుకుని, ఇంకా వెతకని చోట్లు ఏమున్నాయా అని చూశాడు. చివరికి కంటపడింది అశోకవనం. తన బలం తలుచుకుని లేవలేదు. మిగిలిపోయిన పని చూసుకుని లేచాడు.

ఒక సాయంత్రం మా బ్రాంచిలో ఒక కుర్రవాడికి క్యాష్ పదివేలు తక్కువొచ్చింది. తక్కువైతే ఎవరి కౌంటరుదైతే వాళ్ళే కట్టుకోవాలి. చేరి అప్పటికి ఎంతో కాలం కాలేదు, జీతంలో పదివేలంటే చిన్న మాట కాదు. తల పట్టుకుని, నేనీ ఉద్యోగానికి పనికిరాను మేడమ్, రిజైన్ చేస్తానన్నాడు. మా హెడ్ క్యాషియర్ అప్పటికే రిటైరైపోయాడు. నేను ఫోన్లో జోనల్ ఆఫీసుతో ఉన్నాను. కాసేపటికి చూస్తే ఆ కుర్రవాడు ఓచర్ల కట్ట ముందేసుకుని ఒక్కొక్కటి తిరగేస్తున్నాడు. ఎవరూ చెప్పలేదు. పదిహేను వేలు ఇచ్చి ఐదు వేలని ఎంట్రీ వేసిన ఓచరు దొరికింది, వెనక తన చేతిరాతలోనే ఐదువందలవి ముప్ఫై అని ఉంది. దొరకని రోజులూ ఉంటాయి, జీతంలోంచి కట్టిన పిల్లల్ని నేను చూశాను. ఆ రోజు దొరకకపోయినా ఆ అబ్బాయి మర్నాడు కౌంటర్లో కూర్చునేవాడనే నా నమ్మకం. ఓచరు దొరకడానికి ముందే రిజైన్ మాట ఆగిపోయింది.

నిన్ను నువ్వే ఎత్తుకో అన్న గీతవాక్యం ఇప్పుడు నాకు ఇక్కడ అతుకుతుంది. అదైనా, ఓచరు వెనక అంకెలు రాయడం ఎప్పుడో ఒకరు పక్కన కుర్చీ వేసుకుని నేర్పబట్టే. ఆ కుర్రవాడికి నేర్పింది సోంపేట అమ్మాయి.

ఈమధ్య ఒక తరగతిలో ఉత్తరకుమారుడి కథ ముగించగానే వెనకనుంచి ఒకబ్బాయి చెయ్యెత్తాడు. భారతం చదివినవాడిలా ఉన్నాడు. ‘మేడమ్, అంత చేసి ఏం లాభం? కురుక్షేత్రంలో మొదటిరోజే చచ్చిపోయాడు కదా’ అన్నాడు. నిజమే. ఏనుగెక్కి వెళ్ళి, ఎదుటివాడి రథం గుర్రాలు నాలుగింటినీ తొక్కించి, ఆ వెంటనే శక్తి దెబ్బకి పడిపోయాడు. చంపింది ఎవరో తెలుసా అనడిగాను. శల్యుడు. క్లాసు ఒక్కసారి గొల్లుమంది. వాళ్ళవాళ్ళ మేనేజర్లు గుర్తొచ్చి ఉంటారు.

ఆ అబ్బాయి వదల్లేదు. ‘అయితే మీరు చెప్పేది నెగ్గడానికి పనికిరాదన్నమాట.’ నెగ్గుతావని నేనెప్పుడన్నాను, వాడు రెండోసారి రథం దిగి పారిపోలేదన్నానంతే, అన్నాను. అతనికి తృప్తి కలిగినట్టు లేదు. మధ్యాహ్నం గోల్డ్ లోన్ల పాఠం ఉంది, తూకం ఎలా వేయాలో చూపించేటప్పుడు అందరికంటే ముందు లేచి, ఇది నాకు రాదు మేడమ్, మళ్ళీ చూపించండి అన్నది మాత్రం అతనే.